కొనుగోళ్లు తగ్గకుండానే మాంద్యం వస్తుందా?

ప్రశ్న: జనం కొనడం తగ్గిస్తేనే మాంద్యం వస్తుందంటారు. మరి అమ్మకాలు బాగున్నప్పుడు కూడా ఆర్థిక వ్యవస్థ ఎందుకు దిగజారుతుంది? వ్యాపార చక్రాలకు, అంటే ఆర్థిక వ్యవస్థ కొన్నేళ్లు పెరిగి మళ్లీ పడిపోవడానికి, అసలు కారణం ఏమిటి?

జవాబు: కొనుగోళ్లు తగ్గనక్కర్లేదు, పెరగడం ఆగినా చాలు. ఒక పరిశ్రమలో 100 యంత్రాలున్నాయి, అరిగిపోయినవాటికి బదులు ఏటా 10 కొత్తవి కొంటారు అనుకుందాం. గిరాకీ 10 శాతం పెరిగితే 110 కావాలి. కాబట్టి ఆ ఏడు 20 యంత్రాలకు ఆర్డరు వెళ్తుంది. గిరాకీ పెరిగింది పదో వంతే, యంత్రాలు చేసేవారికి పని రెట్టింపైంది. మరుసటి ఏడు గిరాకీ అక్కడే నిలిస్తే ఆర్డరు మళ్లీ 10కి పడుతుంది. సరుకు అమ్మకం రవ్వంత కూడా తగ్గలేదు, యంత్రాల తయారీలో మాత్రం సగం పని పోయింది. దీన్ని త్వరణ సూత్రం అంటారు. అక్కడ ఉద్యోగం పోయినవారు ఖర్చు తగ్గిస్తారు. ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం కాబట్టి దెబ్బ మిగతా రంగాలకూ పాకుతుంది. అది గుణకం. ఈ రెండూ కలిస్తే చిన్న కుదుపు పెద్ద పతనంగా మారవచ్చు.

నిల్వలదీ ఇదే తీరు. గోదాములో సరుకు పేరుకుంటే వ్యాపారి అది ఖాళీ అయ్యేదాకా ఆర్డరు ఇవ్వడు. అందుకే అమ్మకాల కంటే ఉత్పత్తి ఎక్కువగా పడుతుంది.

అన్నిటికంటే మొండిది అప్పు. ఆస్తుల ధరలు పెరిగేటప్పుడు తాకట్టు విలువా పెరుగుతుంది, బ్యాంకులు ఉదారంగా ఇస్తాయి. ధర తిరగబడగానే పాత అప్పు తిరగరాయవు. అప్పు తీర్చడానికి అందరూ ఒకేసారి ఆస్తుల అమ్మకానికి దిగితే ధరలు ఇంకా పడతాయి. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం 2009 జూన్ దాకా సాగడానికి ముఖ్య కారణం ఇదే.

కొన్ని మాంద్యాలు తెలిసి తెచ్చుకున్నవి. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి పాల్ వోల్కర్ హయాంలో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీని 20 శాతం దాకా పోనిచ్చింది. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరగడంతో తగిలిన దెబ్బ వేరే రకం. ధరలు, నిరుద్యోగం రెండూ పెరిగాయి. అలాంటప్పుడు వడ్డీ తగ్గిస్తే ధరలు ఎగుస్తాయి, పెంచితే ఉద్యోగాలు పోతాయి.

ఈ చక్రాలకు నిర్ణీత గడువంటూ లేదు. అమెరికాలో 1980 జులైలో మొదలైన విస్తరణ (ఆర్థిక వ్యవస్థ పెరిగే దశ) 12 నెలలకే ముగిసింది, 2009 నాటిది 128 నెలలు నడిచింది. కాబట్టి ఏళ్లు లెక్కపెట్టడం కంటే యంత్రాల కొత్త ఆర్డర్లు, ఇళ్ల నిర్మాణ అనుమతులు, అమ్మకాలతో పోల్చితే నిల్వలు ఎలా ఉన్నాయో చూడండి. నిరుద్యోగ రేటును నమ్ముకుంటే ఆలస్యమవుతుంది, ఉత్పత్తి కోలుకున్నాక కూడా అది కొన్ని నెలలు పెరుగుతూనే ఉండవచ్చు.