బల్ల దగ్గరికి వెళ్లి నువ్వే చెప్పు, అమ్మడూ

పాలకొల్లు

చిరంజీవి అమ్మడికి పెద మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే తెలిసిపోయింది, నీకు కంటి నిండా నిద్ర లేదని. రొయ్యల ప్లాంటు బాధ్యత చేతికొచ్చి ఏడాది తిరక్కుండానే ఇంత మార్పు నెత్తిన పడింది. "ఇంతమందిని దీంట్లోంచి ఎలా నడిపించాలి మావయ్యా?" అన్నావు. అది ఫోన్‌లో తేలే మాట కాదని కూర్చుని రాస్తున్నాను. రొయ్యల ప్లాంట్లలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి, నాకు గట్టిగా తెలిసిన సంగతులే చెబుతాను.

ముందు మీ దగ్గర అసలు ఏం మారుతోందో చూడు. 2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, అదే నెల 27 నుంచి అది 50 శాతమైంది. రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ సుంకం (సర్కారు రాయితీ ఉందని వేసేది) దానికి అదనం. అందుకని మీ యజమాని చైనా వైపు, యూరప్ వైపు చూస్తున్నారు. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఇది కొనేవాడు మారడంలాగే కనబడుతుంది. నువ్వు మాత్రం అలా చూడకు. అమెరికాకి ఎక్కువగా పోయేది ఒలిచి, పేగు తీసిన రొయ్య. చైనా వాళ్లు ఎక్కువగా తలతో ఉన్న రొయ్యే కొంటారు. అంటే నీ పీలింగ్ బల్లల దగ్గర పని తగ్గుతుంది, చెరువు గట్టు మీద పని బరువెక్కుతుంది. రొయ్యలో ముందు పాడయ్యేది తలే కదా. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్య పట్టే రోజు, ఐసు అరగంట ఆలస్యమైనా తల వదులవుతుంది, నల్లబడుతుంది. మోల్టింగ్ మీదున్న, అంటే పాత గుల్ల విడుస్తున్న రొయ్యని పట్టేస్తే గుల్ల మెత్తగా ఉండి ఆ సరుకు తలతో అమ్మడానికి పనికిరాదు. ఒలిచే సరుకైతే ఇలాంటి లోపాలు కొన్ని బల్ల మీద సర్దుకుపోయేవి, ఇక మీదట సర్దుకుపోవు. ఇన్నాళ్లూ ప్లాంటుకి ప్రాణమైన వాళ్లకి చేతిలో పని తగ్గుతోంది, పక్కన నిలబడ్డవాళ్ల మీదకి భారం వస్తోంది. నువ్వు నడిపించాల్సిన మార్పు ఇదీ.

ఈ సంగతి వాళ్లకి నీ నోటి నుంచే ముందు తెలియాలి. నేను చెప్పదలుచుకున్నదాంట్లో అన్నిటికంటే ముఖ్యం ఇదే. నువ్వు చెప్పకపోతే వాళ్లకి తెలియదనుకుంటున్నావా? కంటైనర్లు తగ్గితే లోడింగ్ కుర్రాళ్లకి తెలుస్తుంది. చెరువు దగ్గర రేటు పడిపోతే సాయంత్రానికి టీ కొట్టులో అందరికీ తెలుస్తుంది. మర్నాడు పొద్దున్న బస్సులో అది "ప్లాంటు మూసేస్తారంట" అయి కూర్చుంటుంది. ఆ మాట వచ్చాక నువ్వు ఎన్ని మీటింగులు పెట్టినా కప్పిపుచ్చడానికే పెట్టావనుకుంటారు.

ఎలా చెప్పాలో కూడా రాస్తాను. నోటీసు బోర్డు మీద కాగితం అంటించడం వద్దు. మేస్త్రీకి చెప్పి వాళ్లకి చెప్పించడమూ వద్దు. గంబూట్లు వేసుకుని బల్లల దగ్గరికి వెళ్లు. ఐసు నీళ్లలో మొద్దుబారిన చేతులతో నిలబడి ఉంటారు, వాళ్లని హాలులోకి రమ్మని అరగంట కూలి పోగొట్టకు. పది నిమిషాలు లైన్ ఆపించి, ఆ పది నిమిషాలకీ కూలి లెక్క కట్టించి, అప్పుడు మాట్లాడు. తెలిసింది తెలిసినట్టు చెప్పు. ఇంకా తేలనిది ఉంటే, "ఇది ఇంకా తేలలేదు, ఫలానా తారీఖున మళ్లీ వచ్చి చెబుతాను" అను. ఆ తారీఖున చెప్పడానికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా వెళ్లి ఆ మాటే చెప్పు. అలా రెండుసార్లు నిలబెట్టుకుంటే మూడోసారి నీ మాట వింటారు.

ఒకసారి మా ప్లాంటులో షిఫ్టు వేళలు మార్చాల్సి వచ్చింది. మా పెద్ద మేనేజరు గారు మార్కెట్టు గురించి, పోటీ గురించి చాలాసేపు వివరంగా చెప్పారు. అంతా విన్నాక వెనక వరసలో ఒకావిడ అడిగింది: "ఆయ్, బానే ఉందండి. మరి ఆ టయానికి మా ఊరికి బస్సుంటాదాండి?" ఆవిడ వెనకాల పాతికమంది మనసులో ఉన్నదీ అదే. రాత్రి పదింటికి పని దిగితే ఊరి మలుపు నుంచి ఇంటికి చీకట్లో ఎలా నడవాలి, చంటిపిల్లని ఎవరు చూస్తారు, వాళ్ల లెక్కలు ఇవి. వివరాలు నువ్వు ఎంత చెప్పినా, ఇలాంటి ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోకుండా బల్లల దగ్గరికి వెళ్లకు.

కూలి సంగతి ఇంకా ముఖ్యం. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక టైగర్ రకం పోయి చిన్న సైజు రొయ్య బల్ల మీదికి వచ్చింది. కిలోకి ఇన్ని రూపాయలని కూలి కట్టే చోట, రొయ్య చిన్నదైతే అదే గంటలో ఒలిచే కిలోలు తగ్గిపోతాయి. మనిషి అదే, కష్టం అదే, చేతికొచ్చేది తక్కువ. మేం ముందు కౌంటుని బట్టి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి రేటు మార్చి, ఆ తర్వాతే కొత్త సరుకు దింపాం. అందుకే మా దగ్గర గొడవ లేకుండా గడిచింది. ఇప్పుడు నువ్వు పీలింగ్ నుంచి కొందరిని సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగుకి, తలతో ఉన్న రొయ్యని వరసగా పేర్చే పనికి మారుస్తావు. అక్కడ చెయ్యి తిరగడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆ కొన్నాళ్లూ వాళ్లకి రోజు కూలి ఎంతో ముందే తేల్చి, యజమాని చేత ఒప్పించి, అప్పుడు మార్చు. ఆయన ఒప్పుకోకపోతే నేర్చుకునేవాళ్ల తరఫున గట్టిగా మాట్లాడాల్సింది నువ్వే.

తర్వాత ఏమవుతుందో తెలియకపోవడమే అందరికీ పెద్ద టెన్షన్. దానికి మన గోదారి గట్టు మీద ఒక పద్ధతి ఉంది చూడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరద ఎంత వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ ఏ అంకెకి పశువుల్ని గట్టెక్కించాలో, ఏ అంకెకి ఇల్లు వదలాలో లంకల్లో వాళ్లకి ముందే తెలుసు. నువ్వూ యజమానితో కూర్చుని అలా అంకెలు పెట్టించు. ఆర్డర్లు ఇంతకి తగ్గితే ఓవర్‌టైం ఆపుతాం. ఇంకా తగ్గితే రెండు షిఫ్టులు ఒకటి చేసి వంతులవారీగా పని ఇస్తాం. అంతకంటే తగ్గితే ఎవరికి ఎన్ని రోజుల ముందు చెబుతాం, లెక్కలు ఎలా తీరుస్తాం. ఇవి అందరికీ చెప్పెయ్. భయపెట్టినట్టు అవుతుందని నీకు అనిపించొచ్చు. తెల్లమచ్చ రోగం టైగర్‌ని ఊడ్చేసినప్పుడు, దాని వెనకే 1996 నవంబరు తుపాను, డిసెంబరులో తీరప్రాంత చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూశాను. జీతం తగ్గిందని పని మానేసినవాళ్లు తక్కువ. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పక, చూసి చూసి వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ.

మేస్త్రీల్ని, సూపర్‌వైజర్లని జాగ్రత్తగా చూసుకో. బల్లల దగ్గరికి వెళ్లే ముందు రోజు వాళ్లతో విడిగా కూర్చో. కింది వాళ్లకి ఏం తెలుస్తుందో వాళ్లకీ అప్పుడే తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. మార్పుకి అడ్డం తిరిగే మేస్త్రీ ఒకడు ఎక్కడైనా ఉంటాడు. అతన్ని పక్కన పెట్టెయ్యమని నీకు చాలామంది చెబుతారు. ముందు అతను చెప్పేది పూర్తిగా విను. పదిహేనేళ్లు ఆ నేల మీద నిలబడ్డ మనిషికి నీ కాగితంలో లేని చిక్కు ఏదో కనబడుతూ ఉండొచ్చు. విన్నాక కూడా పని చెడగొడుతుంటే అప్పుడు కటువుగా ఉండు.

రోజూ పొద్దున్నే కొనుగోలు, ప్రొడక్షన్, క్వాలిటీ, కోల్డ్ స్టోరేజీ చూసేవాళ్లు నలుగురూ పది నిమిషాలు నిలబడి మాట్లాడుకునేలా చెయ్యి. గట్టు మీద ఉన్నవాడు రైతుకి మాటిచ్చేస్తాడు, ఇక్కడ చేతులుండవు. చేతులుంటే స్టోరేజీలో చోటుండదు. ఒక్కొక్కరికీ తన ముక్కే కనబడుతుంది. నీ ఒక్కదానికే అన్నీ కనబడాలని కూడా పెట్టుకోకు, అలా పెట్టుకుంటే నువ్వు మంచాన పడతావు.

కొత్త సరుకు ఒక్కసారిగా అన్ని లైన్లలోనూ దింపకు. ఒక లైన్‌లో, ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లతో మొదలుపెట్టు. అక్కడ తప్పులు బయటపడనీ. తప్పు చెప్పినవాళ్ల మీద ఎవరూ గొంతు లేపకుండా చూడు, లేదంటే తల వదులైన రొయ్య పెట్టె అడుగున చేరుతుంది, అది నీకు కంటైనరు వెనక్కొచ్చాకే తెలుస్తుంది.

ఆదివారం నేను భీమవరం వస్తున్నాను. ఈలోగా ఆ అంకెల కాగితం రాసి పెట్టు, ఇద్దరం చూద్దాం. నైట్ షిఫ్టు వాళ్లకి మాత్రం ఆదివారం దాకా ఆగకుండా రేపే చెప్పు. పగటి షిఫ్టు వాళ్ల ద్వారా వాళ్లకి ఈపాటికి సగం సగం చేరే ఉంటుంది.

మీ పెద మావయ్య