గజ్జల్లో ఉబ్బు గురించి మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిలబడినా దగ్గినా కుడి గజ్జలో ఉబ్బు కనిపించి, పడుకోగానే లోపలికి పోతోందని రాశావు. హెర్నియా అయ్యే అవకాశమే ఎక్కువ. పుట్టకముందు వృషణాలు పొట్టలోంచి కిందికి దిగిన దారి అది. అక్కడ పొట్టగోడ బలహీనంగా ఉంటే కొవ్వో పేగో తోసుకొస్తుంది. మగవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. దాచుకుని కుమిలిపోవద్దు.

ముందు ఒక సర్జన్‌కి చూపించు. నిలబెట్టి, దగ్గమని, వేళ్లతో తాకి చూస్తారు. చాలామందికి ఆ పరీక్షే చాలు. ఉబ్బు చేతికి దొరకకుండా నొప్పి మాత్రమే ఉంటే, లేదా అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్ రాస్తారు. వరిబీజం, వాచిన గ్రంథి, వృషణం దగ్గర ఉబ్బిన సిరలు కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి ఎవరో చెప్పారని నువ్వే పేరు పెట్టేసుకోకు. పడుకుని చూపిస్తే ఉబ్బు కనిపించకపోవచ్చు, నిలబడే చూపించు. రెండో వైపు కూడా చూడమని అడుగు.

పెద్దవాళ్లలో హెర్నియా మందులతో మానదు, దానంతటది పూడుకోదు. బెల్టు కట్టుకుంటే కాసేపు లోపల ఆగుతుందంతే. అలాగని రేపే ఆపరేషన్ బల్ల ఎక్కాలనీ లేదు. నొప్పి లేకుండా, తేలిగ్గా లోపలికి పోయే ఉబ్బుని డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం గమనిస్తూ ఉండొచ్చని ఉత్తర అమెరికాలో మగవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపించింది. అయితే అలా ఆగినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది రెండేళ్లలోపే, ఎక్కువగా నొప్పి వల్ల, ఆపరేషన్‌కి వచ్చారు. నన్నడిగితే, పనికి అడ్డొస్తున్నప్పుడు నాన్చకుండా చేయించుకోవడమే మేలు. ఆడవాళ్లకి, చంటిపిల్లలకి ఈ ఆగడం పనికిరాదు. వాళ్లకి పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ.

ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా, చర్మం ఎర్రబడినా, వాంతులైనా, గ్యాసూ విరేచనమూ ఆగిపోయినా పేగు ఇరుక్కుందేమోనని భయపడాల్సిందే. రక్తం అందక పేగు కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలవుతుంది. బలవంతంగా లోపలికి నొక్కొద్దు, ఏమీ తినొద్దు, తాగొద్దు. అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్లు, తెల్లవారనీ అని ఆగకు.

ఇక ఆపరేషన్ సంగతి. కోత పెట్టి, బలహీనమైన చోటికి దన్నుగా లోపల వల (మెష్) కుట్టే పద్ధతి ఒకటి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో వల పరిచే లాపరోస్కోపీ ఒకటి. నాకు ఒకవైపు అలా, రెండోవైపు ఇలా చేశారు. లాపరోస్కోపీ తరవాత నేను తొందరగా మామూలయ్యాను. కానీ దానికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. కోత పద్ధతి ఆ చోట మాత్రమే మొద్దుబార్చి కూడా చేయవచ్చు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకి అదొక వరం. రెండువైపులా ఉన్నా, ఒకసారి కోత పద్ధతిలో చేశాక తిరగబెట్టినా లాపరోస్కోపీ వైపు మొగ్గుతారు. పద్ధతి పేరు కన్నా చేసే చెయ్యి ముఖ్యం. ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, తిరగబెట్టడం ఎంతమందిలో చూశారు, గజ్జలో నొప్పి నెలల తరబడి మిగిలిపోతే ఏం చేస్తారు అని మొహమాటపడకుండా అడుగు. ఆ నొప్పి కొద్దిమందికి నిజంగానే మిగులుతుంది, ముందే తెలుసుకుని ఒప్పుకోవడం మంచిది.

తేదీ ఖాయమయ్యేలోపు సిగరెట్టు మానెయ్. మానని దగ్గు, మలబద్ధకం, ముక్కి మూత్రం పోయాల్సిన ఇబ్బంది ఉంటే వాటికి వైద్యం చేయించుకో, అవి కొత్త కుట్టు మీద కూడా ఒత్తిడి పెడతాయి. రక్తం పల్చబడే మాత్రలు గానీ షుగరు మాత్రలు గానీ వాడుతుంటే సర్జన్‌కి చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు.

చేసిన రోజే లేచి నడవమంటారు, నడువు. దగ్గేటప్పుడు ఆ చోట అరచేత్తో అదిమిపట్టుకో, ఆ కొద్ది రోజులూ అది నాకు ఎంతో ఊరట. వాపు, కమిలిన రంగు వృషణాల దాకా దిగితే హడలిపోకు, తగ్గుతుంది. జ్వరం వచ్చినా, చీము కారినా, మూత్రం రాకపోయినా వెంటనే ఫోన్ చెయ్యి. కూర్చుని చేసే పనికి వారం రెండు వారాల్లో వెళ్లొచ్చు. బరువులు ఎప్పటినుంచి ఎత్తాలో సర్జన్‌నే అడుగు, చాలామంది నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు.

డాక్టరుగారు చూసి ఏమన్నదీ వివరంగా రాయి. తోడుగా రమ్మంటే వస్తాను.

మీ పెద్దనాన్న