ఆబ్జెక్టు నంబరును నమ్ముకుంటే లెక్క తప్పుతుంది

ప్రశ్న: ఆదోనిలో మా మామయ్య పత్తి కమీషన్ దుకాణానికి పీహెచ్‌పీలో లెక్కల ప్రోగ్రాం రాస్తున్నాను. అర్రేకి (ఒక్కో కీ కింద ఒక్కో విలువ దాచుకునే పట్టికకు) రైతు ఆబ్జెక్టును (ఒక రైతు వివరాల కట్టను) కీగా ఇస్తే ఎర్రర్ వచ్చింది. నెట్‌లో చూసి, ఆబ్జెక్టుకు ఉన్న నంబరును చెప్పే ఎస్‌పీఎల్_ఆబ్జెక్ట్_ఐడీ వాడి, ఆ నంబరును కీగా ఇచ్చాను. ఎర్రర్ పోయింది కానీ, మొత్తాలు కుదరడం లేదు. ఎందుకు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మొదట వచ్చిన ఎర్రరే మీకు మేలు చేసింది, మీరే దాని నోరు నొక్కేశారు. పీహెచ్‌పీ అర్రేకి కీ అంకె గానీ స్ట్రింగ్ గానీ కావాలి, ఆబ్జెక్టును ఒప్పుకోదు. అదే మంచిది. జావాస్క్రిప్ట్‌లో మామూలు ఆబ్జెక్టుకు ఇంకో ఆబ్జెక్టును కీగా ఇస్తే కిక్కురుమనకుండా స్ట్రింగ్‌గా మార్చేసుకుంటుంది. రైతులందరూ ఒకే కీ కిందికి చేరతారు.

మీరు వాడిన ఐడీ నంబరు, ఆబ్జెక్టు మెమరీలో బతికున్నంతసేపే దానిది. అది పోగానే అదే నంబరు కొత్తదానికి దక్కుతుంది. మీరు లూపులో ఒక్కో కాటా చీటీకి కొత్త ఆబ్జెక్టు చేసి, పాత వేరియబుల్‌లోనే వేస్తున్నట్టున్నారు. ఐడీని ప్రింట్ చేసి చూడండి, రెండు నంబర్లే మార్చి మార్చి వస్తాయి. ఎంతమంది పత్తి తెచ్చినా క్వింటాళ్లన్నీ రెండు ఖాతాల్లోనే పడతాయి.

ఇదే పద్ధతిని లాగిన్ అనుమతులకు వాడేవాళ్లను చూస్తేనే నాకు టెన్షన్. ఆగకుండా నడిచే ప్రోగ్రాంలో యజమాని ఆబ్జెక్టు పోయి, దాని నంబరు గుమాస్తా ఆబ్జెక్టుకు వచ్చిందనుకోండి. ఆ నంబరు కింద దాచిపెట్టిన యజమాని హక్కులన్నీ గుమాస్తాకు దక్కుతాయి. ఎర్రర్ రాదు, ఎవరికీ అనుమానం రాదు. నాలుగు పేర్లతో టెస్ట్ చేసి పని అయిపోయిందనుకునేవాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు. 2020లో పీహెచ్‌పీ 8.0తో వచ్చిన, ఆబ్జెక్టునే కీగా తీసుకునే వీక్‌మ్యాప్ ఉన్నది ఇందుకే. ఆబ్జెక్టు పోతే దాని ఎంట్రీ కూడా పోతుంది.

మీకు మాత్రం అదీ పనికిరాదు. ఒకే రైతు రెండు బండ్లు తెస్తే మీ దగ్గర రెండు ఆబ్జెక్టులు తయారవుతాయి. దుకాణం రిజిస్టరులోని రైతు నంబరునే కీగా పెట్టండి. పేరు వద్దు, మీవైపు ఈరన్నలు ఊరికి పదిమంది ఉంటారు. ఆధార్ అసలే వద్దు, కీలు లాగ్ ఫైళ్లలోకి ఎక్కుతుంటాయి. నంబరు ముందు ఒక అక్షరం చేర్చి, అంకెల సంఖ్య ఒకేలా ఉంచండి. లేకపోతే ‘08’, ‘8’ వేర్వేరు ఖాతాలవుతాయి.

ఇప్పటికే పడిన మొత్తాలను సరిచేయాలని చూడకండి. కాటా చీటీల నుంచి మళ్లీ లెక్క కట్టండి. అది తేలేదాకా ఎవరికీ డబ్బు ఇవ్వొద్దని మామయ్యకు ఈరోజే చెప్పండి.