నిర్మాణ పనుల్లో జాప్యం, అదనపు ఖర్చు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ప్రభుత్వ నిధులతో కడుతున్న ఒక గ్రంథాలయ భవనం పర్యవేక్షణ సంఘంలో నేను సభ్యురాలిని. పునాదులు తవ్వుతుండగా ఒక మూల మెత్తటి మట్టి పొర బయటపడింది. టెండరుతో పాటు మేమిచ్చిన మట్టి పరీక్ష నివేదికలో దాని ఊసే లేదు. గుత్తేదారు నాలుగు నెలల అదనపు గడువు, దానితో పాటు పెద్ద మొత్తంలో సొమ్ము అడుగుతున్నారు. ఇస్తే కుమ్మక్కయ్యామంటారు, ఇవ్వకపోతే పని ఆగుతుంది. మూడు సమావేశాలైనా ఏదీ తేల్చలేకపోయాం. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో మట్టి పొర కన్నా ఆ మూడు సమావేశాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. నేల వల్ల కలిగిన ఆలస్యానికి ఎవరు బాధ్యులన్నది వాదించదగిన విషయమే గాని, నిర్ణయం చెప్పవలసినవారు చెప్పకపోవడం వల్ల గడిచిపోయే రోజులు సాధారణంగా యజమాని లెక్కలోనే పడతాయి. ఆ రోజుల్లో ఖాళీగా నిలిచిన యంత్రాల ఖర్చును కూడా గుత్తేదారు రేపు మీ నుంచే కోరతారు.

ముందుగా గడువును, సొమ్మును రెండు వేర్వేరు ప్రశ్నలుగా విడదీయండి. ఒప్పందాల్లో సాధారణంగా కనిపించే పద్ధతి ఇది: ఆలస్యానికి కారణం యజమాని అయితే గడువూ సొమ్మూ రెండూ ఇస్తారు, ఎవరి చేతిలోనూ లేని విపత్తయితే చాలాచోట్ల గడువు మాత్రమే ఇస్తారు, గుత్తేదారే కారణమైతే ఏదీ ఇవ్వరు. భూగర్భ పరిస్థితులు ఎవరి పూచీ అన్నది మీ ఒప్పందంలోని షరతే చెప్పాలి. కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ ప్రచురించిన, అంతర్జాతీయంగా ఎక్కువగా వాడే నమూనా ఒప్పంద షరతుల సంపుటి ‘ఎర్ర పుస్తకం’ 1999 ప్రతిలో, అనుభవజ్ఞుడైన గుత్తేదారు టెండరు నాటికి సమంజసంగా ఊహించలేని పరిస్థితి ఎదురైతే గడువుతో పాటు అయిన ఖర్చును కూడా ఇవ్వాలని ఉంది. దానిపై లాభం మాత్రం ఉండదు. అయితే విషయం తెలిసిన, లేదా తెలిసి ఉండవలసిన, 28 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయకపోతే ఆ హక్కు పోతుందని కూడా అదే పుస్తకం చెబుతుంది. కాబట్టి మీ ఒప్పందంలో నోటీసు గడువు ఎంత ఉందో, గుత్తేదారు ఏ తేదీన రాశారో తొలుత చూడండి.

తరువాత నాలుగు నెలల లెక్క. మెత్తటి మట్టి ఒక మూలనే ఉందని రాశారు. మిగిలిన పునాదుల పని ఈలోగా సాగగలదా? మొత్తం పని ముగిసే తేదీని నిర్ణయించే వరుస పనుల్లో, అంటే క్రిటికల్ పాత్‌లో, ఆ మూల ఉన్నప్పుడే అక్కడి ఆలస్యం భవనపు ఆలస్యం అవుతుంది. మట్టి బయటపడిన నాటికి పని ఎక్కడిదాకా వచ్చిందో చూపే కార్యక్రమ పట్టికను తెప్పించి, అందులో ఈ అడ్డంకిని చేర్చి, ముగింపు తేదీ ఎంత జరుగుతుందో చూపమని గుత్తేదారునే అడగండి. అదే సమయంలో ఉక్కు రాక గాని, మనుషులు చాలక గాని పని ఎలాగూ ఆగి ఉండేదా అన్నది కూడా పరిశీలించాలి.

సొమ్ము విషయంలో ఏకమొత్తానికి ఒప్పుకోవద్దు. ఒప్పందంలో ధర ఉన్న పనికి ఆ ధరే వాడి, లేని పనికి సామగ్రి, కూలి, యంత్రం విడివిడిగా చూపించి ధర కట్టించండి. అన్నిటికన్నా అత్యవసరమైనది కొలత. గోతిలో కాంక్రీటు పడిన మరునాడు మెత్తటి మట్టి ఎంత లోతున ఉండేదో ఎవరూ చూడలేరు. అందువల్ల ఇరుపక్షాలవారూ కలిసి కొలిచి, ఫొటోలు తీసి, కొలతల పుస్తకంలో అదే రోజు సంతకాలు చేయాలి. కుమ్మక్కన్న మాట రేపు వస్తే మీ తరఫున నిలిచేది ఆ పుటే. వివాదం లేని భాగానికి వెంటనే బిల్లు చెల్లించి, మిగిలినదాన్ని పరిశీలనలో ఉంచామని రాసి, పని సాగించమనండి.

ప్రశ్న: అనుకోని ఖర్చుల కోసం అంచనాలోనే కొంత సొమ్ము పక్కన పెడితే అది ఎలాగూ ఖర్చయిపోతుందని, అసలు పెట్టకపోవడమే పొదుపని మా పై అధికారి అంటారు. నిజమేనా?

జవాబు: ఆయన భయంలో సగం నిజముంది. ఆ సొమ్ము పెట్టె తాళంచెవి పని జరిగే చోట ఉండే ఇంజనీరు చేతిలోనే ఉంటే తప్పకుండా కరిగిపోతుంది. కాని పెట్టకపోతే ఖర్చు రాకుండా పోదు. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా, ఆయన సహచరులు 258 రవాణా నిర్మాణాలను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో పదింట తొమ్మిది అంచనాను దాటాయి. సగటు పెరుగుదల రైలు మార్గాల్లో 45 శాతం, వంతెనలూ సొరంగాల్లో 34 శాతం, రహదారుల్లో 20 శాతం. ఇంత ఏకపక్షంగా తప్పు జరుగుతున్నదంటే దాన్ని దురదృష్టమనడం కష్టం. అందుకే మీ అంచనాను మీ పని వివరాలను కూడి వేసిన లోపలి లెక్కతోనే కాక, అటువంటి పనులు ఇంతకుముందు ఎంతకు ముగిశాయో దానితో కూడా పోల్చి చూడాలి.

ఈ నిధిని ఏ పనికి వాడకూడదో కూడా ముందే రాసిపెట్టండి. నేల, వరద, దాగి ఉన్న పైపులు వంటివాటికి అది చెందుతుంది. మనసు మార్చుకోవడానికి కాదు. సిడ్నీ ఒపేరా హౌస్ పని 1959లో మొదలైనప్పుడు గుల్లల ఆకారంలోని పైకప్పును ఎలా కట్టాలో ఇంకా తేలలేదు. కింది వేదికను ముందే కట్టేశారు. చివరికి తేలిన పైకప్పు బరువును మోయలేని స్తంభాలను మళ్ళీ కట్టవలసి వచ్చింది. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో 1963లో ముగుస్తుందనుకున్నది 10 కోట్ల 20 లక్షలతో 1973లో ముగిసింది. (ఆ ఖర్చులో చాలా భాగాన్ని లాటరీ భరించింది, ఆ సదుపాయం అందరికీ ఉండదు.) నమూనా తేలకముందే పని మొదలుపెడితే ఎంత నిధి పక్కన పెట్టినా చాలదు.

ప్రశ్న: ఆలస్యానికి రోజుకింత అని పరిహారం విధిస్తే గుత్తేదారులు దారికి రారా?

జవాబు: కొంతవరకు వస్తారు. అయితే ఆ పరిహారానికి సాధారణంగా ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది దాటాక ఒత్తిడి ఉండదు. పైగా మీవల్ల జరిగిన ఆలస్యానికి గడువు పొడిగించకుండానే పరిహారం కోస్తే, వివాదంలో ఆ హక్కే నిలవకపోవచ్చు.

ఒత్తిడికి మరో నష్టం కూడా ఉంది: వెనకబడ్డ పని ముందుగా మింగేసేది చివరి పరీక్షల సమయాన్నే. బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయం 2012 జూన్ 3న తెరవవలసి ఉండగా, నాలుగు వారాలు కూడా లేవనగా అగ్నిప్రమాద రక్షణ వ్యవస్థ సిద్ధంగా లేదని ప్రకటించారు. అది తెరుచుకున్నది 2020 అక్టోబరు 31న. విద్యుత్తు, లిఫ్టు, పొగను బయటికి పంపే వ్యవస్థల పరీక్షలకు మీ కార్యక్రమ పట్టికలో విడిగా తేదీలు వేయించండి. కట్టడం పనిలో ఎంత ఆలస్యం జరిగినా ఆ రోజులను తగ్గించరాదని ఒప్పందంలోనే రాయించండి.