అమ్మడూ, దొరికాడు కదా అని ఆపెయ్యకు

కాకినాడ,
ఆదివారం.

చి.ల.సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మీ ఆయన ముత్తాత తండ్రి కథ తవ్వుతున్నావట, ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో బూట్లు కుట్టి బతికిన మనిషట, మీ మామగారి ఎనభయ్యో పుట్టినరోజుకి పుస్తకం చేసి చేతిలో పెడతావట. విన్నప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. కొంత సంతోషం. మన ఇంటి పిల్ల వెళ్ళి వాళ్ళింటి పెద్దల్ని వెతికి తెస్తోందంటే, మీ తాతయ్య బతికుంటే వీధరుగు మీద కూర్చుని దారినపోయే వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. మిగతాది భయం. ఎందుకంటే మీ అమ్మ ఇంకో మాట కూడా అంది: "వెబ్‌సైట్‌లో ఎవరో వేసి పెట్టిన వంశవృక్షం దొరికిందట అక్కా, సగం పని అయిపోయిందట."

సగం కాదు కదా, పని ఇంకా మొదలవలేదు అమ్మడూ. ఎవరో వేసిన చెట్టు అది. ఏ కాగితం చూసి వేశారో, అసలు కాగితం చూశారో లేదో నీకు తెలియదు. దాన్ని పక్కన పెట్టి, ముందు ఈ ఉత్తరం చదువు.

మీ పెళ్ళి విందులో నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది, గుర్తుందా? మీ మామగారి మేనత్త. ఆవిడ నా కంచిపట్టు చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని, తిప్పి లోపలి వైపు చూసింది. లోపలి వైపు చూసేవాళ్ళు పని తెలిసినవాళ్ళు. అడిగితే, "మా అమ్మ బూట్ల పై తోలు కుట్టేది, కుట్టు చూడకుండా ఏ బట్టా కొననిచ్చేది కాదు" అంది. నువ్వు వెతుకుతున్న మనిషి ఆవిడకి సొంత తాత. ఆవిడ తల్లి ఆయనకి కోడలు. ఇప్పుడు ఆవిడకి తొంభై ఒకటి, కేర్ హోమ్‌లో ఉంది. కాగితాలు ఎక్కడికీ పోవు, వందేళ్ళు ఆగాయి, ఇంకో నెల ఆగుతాయి. ఆవిడ ఆగదు. వచ్చే ఆదివారమే వెళ్ళు.

వెళ్ళినప్పుడు "మీ తాత ఎప్పుడు పుట్టాడు" అని అడక్కు. ఏళ్ళు అడిగితే పెద్దవాళ్ళు బెదురుతారు. ఫోటోలు తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టు. ఏ వీధిలో ఉండేవాళ్ళు, వంటింట్లో ఏం వాసన వచ్చేది, ఎవరితో మాటల్లేవు, ఎవరి పేరెత్తితే అమ్మ ముఖం ముడుచుకునేది, ఇవి అడుగు. ఇంకొకటి. ఆవిడ "ఆంట్" అంటే వదిలెయ్యకు. ఆ ఒక్క మాటలో మన మేనత్త, పిన్ని, పెద్దమ్మ, మేనమామ భార్య అందరూ కలిసిపోతారు. నీకు పుట్టుకతో వచ్చిన తెలుగు వరసలు ఇక్కడ నీకు వరం. తండ్రి తోబుట్టువా, తల్లి తోబుట్టువా, పెళ్ళితో వచ్చిన చుట్టమా అని అక్కడికక్కడే తేల్చుకుని, పుస్తకంలో తెలుగు వరసతోనే రాసుకో. పాత జనాభా లెక్కల్లో కూడా ఇదే తంటా. ఇంటి యజమానికి "సన్-ఇన్-లా" అని ఉంటే అల్లుడనుకుంటాం. చాలాచోట్ల అతను భార్య మొదటి పెళ్ళి కొడుకు. ఆ రోజుల్లో సవతి కొడుకునీ అలాగే రాసేవారు.

ఇక మీ అత్తగారి అటక మీది రేకు పెట్టె. ఆవిడ పక్కన ఉండగానే తెరువు, నువ్వొక్కదానివీ తెరవకు. అడుగున బైబిలు ఉంటే ముందు పేజీలు చూడు, పుట్టుకలూ చావులూ రాసుకునేది అక్కడే. అన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే ఎవరో ఒక్కరోజు కూర్చుని జ్ఞాపకం మీద రాశారని అర్థం. సిరాలు మారుతూ ఉంటే ఎప్పటికప్పుడు రాసినవి. చేతులు శుభ్రంగా కడుక్కుని పొడిగా తుడుచుకో, చాలు, గ్లౌజులు అక్కర్లేదు. ఫోటో వెనక పెన్నుతో రాయకు, మెత్తటి పెన్సిల్ వాడు. చిరిగినదానికి సెల్లోటేపు అంటించావంటే నేను నీతో మాట్లాడను, లామినేషన్ మాట ఎత్తనే వద్దు. అట్ట ఫోటోల వెనక స్టూడియో పేరూ చిరునామా అచ్చేసి ఉంటాయి. ఆ స్టూడియో ఆ వీధిలో ఏ ఏళ్ళలో ఉందో పాత వ్యాపార డైరెక్టరీల్లో తెలుస్తుంది. లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు అలాంటి డైరెక్టరీలు చాలా ఉచితంగా పెట్టారు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. మీ ఆయన నుంచి మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళు, ఎక్కడా గెంతకు. ఇంగ్లండులో జనన మరణాల నమోదు 1837 జూలై 1న మొదలైంది. 1875 దాకా పుట్టుక నమోదు చెయ్యకపోతే జరిమానా లేదు కాబట్టి కొందరు పిల్లలు ఆ పుస్తకాల్లో కనిపించరు. పదేళ్ళకోసారి జనాభా లెక్కలు. 1841లో పదిహేను దాటినవాళ్ళ వయసు ఐదుల లెక్కకి తగ్గించి (ముప్ఫై మూడైతే ముప్ఫై అని) రాశారు, చుట్టరికం రాయలేదు. పుట్టిన ఊరు, యజమానికి ఏమవుతారు అన్నది 1851 నుంచే. 1931 లెక్కలు 1942లో తగలబడిపోయాయి, వాటి బదులు యుద్ధం మొదలైనప్పుడు జనం పేర్లు రాసిన 1939 సెప్టెంబరు రిజిస్టరు చూడాలి.

1911 దగ్గర మాత్రం నిదానించు. మీవాడు 1855 ప్రాంతంలో పుట్టి ఉంటే అప్పటికి యాభై ఆరేళ్ళు. ఆ ఏడాది ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితాలే దాచారు, అంటే ఆయన చేతిరాత నీ కళ్ళముందుంటుంది. పెళ్ళయి ఎన్నేళ్ళు, పుట్టిన పిల్లలెందరు, బతికున్నదెందరు, పోయిందెందరు అని నాలుగు గడులు ఉంటాయి. నేను మొదటిసారి అలాంటి కాగితం చూసినప్పుడు మా బామ్మ గుర్తొచ్చింది. పదకొండు మందిని కని ఆరుగుర్ని దక్కించుకుంది. పోయిన ఐదుగురికి మన దగ్గర ఏ కాగితంలోనూ గడి లేదు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్తాను.

నేను 1979లో ఆ దేశం వెళ్ళినప్పుడు వాల్సాల్‌లో మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేది. మంచు పడ్డ మొదటి పొద్దున నేను చెప్పులతో గడప దాటబోతే పరుగున వచ్చి ఆపి, తన బూట్లు తొడిగింది. నాకు అక్కడ అమ్మ లేని లోటు తీర్చిన మనిషి. వాల్సాల్ అంటే గుర్రపు జీనుల ఊరు, వాళ్ళ ఫుట్‌బాల్ జట్టుని ఇప్పటికీ శాడ్లర్స్ అంటారు. ఆవిడ తాత విలియం జీనులు కుట్టేవాడు. హాల్లో గోడకి ఆయన తోలుకి చిల్లులు పొడిచే ఆరె, తోలు కోసే అర్ధచంద్రం కత్తి వేలాడేవి. ఆరె పిడి బొటనవేలు ఆనేచోట గుంట పడి, అద్దంలా నునుపెక్కి ఉండేది. తాత ఇంట్లోనే, తన కుర్చీలోనే, కొడుకు చెయ్యి పట్టుకుని పోయాడని తండ్రి చెప్పేవాడట.

1986 నాటికి నేను పాత కాగితాలు వెతికే పనిలో చేరి నాలుగేళ్ళు. అంతా తెలుసనుకున్నాను. ఆ ఏడాదే ఆవిడ అడిగింది, మా తాత గురించి చూడవే అని. 1881 లెక్కల మైక్రోఫిల్ము తెచ్చి తిప్పడం మొదలుపెట్టాను. అప్పటికి పేర్ల సూచిక లేదు, వీధి వీధీ చదువుకుంటూ పోవాలి. రెండో సాయంత్రం దొరికాడు: అదే పేరు, అదే ఇంటిపేరు, భార్య మేరీ. ఆవిడ నాయనమ్మని అందరూ పాలీ అనేవారు, పాలీ అంటే మేరీకి ముద్దుపేరే. వయసు మూడేళ్ళు తేడా ఉంది. వయసులు ఎవరు సరిగ్గా చెప్తారులే అనుకున్నాను. ఆవిడ తండ్రికి అప్పుడు తొమ్మిదేళ్ళుండాలి, పిల్లాడు ఆ ఇంట్లో లేడు. చుట్టాలింట్లో ఉండుంటాడులే అనుకున్నాను. వృత్తి దగ్గర జీనుల పని లేదు, కళ్ళెం ఇనుము చేసేవాడని ఉంది. అదీ గుర్రాల పనే కదా అనుకున్నాను. మూడు చోట్ల కాగితం వద్దంటే మూడుసార్లూ నేనే సర్దిచెప్పాను. కళ్ళెం ఇనుము చేసేవాడికి కావలసింది కొలిమి, సుత్తి, ఆకురాయి. తోలు కోసే కత్తి ఎందుకు? వారానికోసారి ఆ గోడకింద కూర్చుని టీ తాగేదాన్ని. తలెత్తి చూస్తే తెలిసేది. మనిషి దొరికాడు కదా అని రీలు అక్కడితో ఆపేశాను.

ఆ విలియం చావు వెతికితే వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని పేదవాళ్ళని ఉంచి పని చేయించుకునే చోట, పోయినట్టు తేలింది. ఒక శనివారం వెళ్ళి చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి చాలాసేపు కిటికీలోంచి చూసింది. "అయితే మా నాన్న మాకు అబద్ధం చెప్పాడన్నమాట" అంది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పదిహేను రోజుల తర్వాత వెళితే గూట్లో ఆవిడ తండ్రి ఫోటో లేదు. 1988లో ఆవిడ పోయింది.

వందేళ్ళు మూసి ఉంచిన 1891 లెక్కలు 1992 జనవరిలో బయటికొచ్చాయి. వేరే ఎవరికోసమో తిప్పుతుంటే, ఆవిడ ఎప్పుడూ చెప్పే వీధిలో ఇంకో విలియం కనిపించాడు. జీనులు కుట్టేవాడు. భార్య మేరీ. కొడుకు, పంతొమ్మిదేళ్ళు, ఆవిడ తండ్రి పేరు. వెంటనే వెనక్కి వెళ్ళి ఆ 1881 రీలే మళ్ళీ పెట్టాను. నేను ఆపిన చోటు నుంచి ఇంకాస్త తిప్పితే అక్కడే ఉన్నారు, తొమ్మిదేళ్ళ పిల్లాడితో సహా. మరణ పత్రం తెప్పించాను. ఇంటి చిరునామాలోనే పోయాడు. చెప్పినవారు: కొడుకు, మరణ సమయంలో దగ్గరున్నాడు.

వాళ్ళ నాన్న నిజమే చెప్పాడు అమ్మడూ. ఆవిడ చివరి రెండేళ్ళూ తండ్రి మీద నమ్మకం లేకుండా బతికింది, నా వల్ల. కాగితం పట్టుకుని ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కమాట అనలేదు, లోపలికి వెళ్ళి తాత ఫోటో తెచ్చి గూట్లో పెట్టింది. తర్వాత నేను స్మశానానికి వెళ్ళి ఆవిడ సమాధి దగ్గర తెలుగులోనే చెప్పుకున్నాను, ఇంగ్లీషు రాలేదు.

అందుకే చెప్తున్నాను. మీవాడి పేరుతో నార్తాంప్టన్‌లో ఇంకెందరున్నారో అందర్నీ లెక్క తేల్చు. ఒక్కొక్కడూ ఎక్కడ పుట్టాడు, ఎవర్ని చేసుకున్నాడు, ఎప్పుడు పోయాడు అని రాసుకుని, మిగిలినవాణ్ణి పట్టుకో. జనన మరణాల పుస్తకాలు ఉండే జనరల్ రిజిస్టర్ ఆఫీసు వాళ్ళ సూచికలో ఇప్పుడు తల్లి పుట్టింటి పేరు 1837 నుంచీ దొరుకుతుంది, మాకు ఆ అదృష్టం లేదు, దాన్ని వాడుకో. ఒకదాన్ని చూసి ఒకటి రాయని రెండు కాగితాలు ఒకే మాట చెప్పేదాకా మీ అత్తగారి దగ్గర నోరు విప్పకు.

వృత్తి మాటని అక్షరం పొల్లుపోకుండా రాసుకో. బూట్ల పనంతా ఒకటి కాదు. కార్డ్‌వైనర్ అంటే కొత్త తోలుతో కొత్త జోడు చేసేవాడు, కాబ్లర్ పాతవి బాగుచేసేవాడు. క్లిక్కర్ పై తోలు ముక్కలు కోస్తాడు, క్లోజర్లు వాటిని కలిపి కుడతారు. 1850ల చివర్లో కుట్టు మిషన్లు దిగినప్పుడు అక్కడి పనివాళ్ళు సమ్మెలు చేశారు, మీవాడు పసివాడుగా ఉన్నప్పటి మాట. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని చాలాసార్లు లెక్కల్లోకి ఎక్కలేదు. భార్య పేరు పక్కన గడి ఖాళీగా ఉంటే ఆవిడ ఖాళీగా ఉందని రాసెయ్యకు. పెళ్ళి పత్రాల్లో కూడా తండ్రి పేరూ పనీ ఉండేవి, తల్లి పేరు 2021 మే దాకా రాయలేదు. ఆ తండ్రి పేరుని కూడా గుడ్డిగా నమ్మకు. తండ్రి ఎవరో తెలియని పిల్లలు పరువు కోసం ఒక పేరు కల్పించి చెప్పిన సందర్భాలున్నాయి.

వెతకగా ప్రభుత్వ ప్రకటనలు అచ్చేసే లండన్ గెజిట్‌లో దివాలా ప్రకటన కనిపించినా, వర్క్‌హౌస్ రిజిస్టరులో పేరు కనిపించినా కంగారు పడకు. వర్క్‌హౌస్ ఆసుపత్రే చాలా ఊళ్ళలో పేదవాళ్ళకి ఉన్న ఒకే ఆసుపత్రి. రెండుసార్లు సరిచూశాక, ముందు మీ మామగారికి ఒక్కరికే, పక్కన కూర్చుని చెప్పు. పుట్టినరోజు నాడు పదిమందిలో పేజీ తిప్పితే తెలిసే సంగతి కాకూడదు అది.

మీ అమ్మ మన వంశవృక్షం సంగతేమిటని సణుగుతోంది కదా. నాకు తెలిసినంత మటుకు, ఏడు తరాలు, ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచాను. ఆడపిల్లల పేర్లతో సహా. నువ్వొచ్చినప్పుడు తీసుకుందువుగాని.

ఆదివారం ఆ ముసలావిడ దగ్గరికి వెళ్ళొచ్చాక ఫోన్ చెయ్యి. ఇక్కడ ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను. వెళ్ళేటప్పుడు నేను పెళ్ళికి పెట్టిన ఆ మెరూన్ చీర కట్టుకో, ఆవిడ అంచు తిప్పి చూస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ