బండికి వారంటీ పొడిగింపు: కంపెనీదా, బయటిదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం. మందుల ఏజెన్సీలో పని చేస్తున్నాను. రోజూ గుణుపురం, వారానికి రెండుసార్లు పర్లాకిమిడి తిరగాలి. నా 125 సీసీ బండి కొని వచ్చే నెలకు మూడేళ్ళు. 31 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ వారంటీ మూడేళ్ళతో అయిపోతుంది. షోరూంలో కంపెనీవాళ్ళ ఎక్స్‌టెండెడ్ వారంటీ రెండేళ్ళకు 1,650 రూపాయలంటున్నారు. ఫైనాన్స్ ఆఫీసులో తెలిసినాయన వేరే సంస్థది మూడేళ్ళకు 1,100కే ఇప్పిస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు? కిందటేడాది ఒక సర్వీసు మా ఊళ్ళో మెకానిక్ దగ్గర చేయించాను. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?
ఒక పాఠకుడు, కాశీనగరం

జవాబు: మీరు చివర్లో అడిగినదే నేను ముందు చెప్పాల్సి ఉంది. బరంపురంలో టూవీలర్ సర్వీసులో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. క్లెయిమ్ అంటూ బండి వస్తే, ఇంజన్ జోలికి వెళ్ళకముందే ఛాసిస్ నంబరు కొట్టి సర్వీసు హిస్టరీ చూసేవాళ్ళం. అందులో ఒక్క సర్వీసు లేకపోయినా కంపెనీ క్లెయిమ్ ఇవ్వననడం చాలాసార్లు చూశాను. మీ ఊరి మెకానిక్ ఎంత పనిమంతుడైనా, మంచి ఆయిలే పోసినా, ఆ సర్వీసు కంపెనీ లెక్కలోకి రాదు. అందుకని డబ్బు కట్టేముందు షోరూంలో మీ హిస్టరీ ప్రింటు తీయించండి. ఒక సర్వీసు బయట జరిగిందని దాచకుండా చెప్పండి. "అయినా వారంటీ ఇస్తాం" అంటే ఆ మాట జాబ్ కార్డు (సర్వీసుకిచ్చినప్పుడు షోరూంవాళ్ళు రాసే కాగితం) మీద రాయించుకుని సంతకం, స్టాంపు తీసుకోండి. నోటిమాటగా అంటే కట్టొద్దు. ఆ కౌంటరులో ఉన్న కుర్రాడు ఏడాది తర్వాత అక్కడే ఉంటాడన్న నమ్మకం లేదు.

వాళ్ళు రాసిస్తే మాత్రం 1,650 పెట్టి కంపెనీదే తీసుకోండి. మీ తిరుగుడే దానికి కారణం. ఒకరోజు గుణుపురంలో ఆగొచ్చు, ఒకరోజు పర్లాకిమిడిలో, ఇంకోరోజు సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో. కంపెనీ వారంటీకి రాష్ట్రం సరిహద్దుతో పని లేదు. ఆ కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చూస్తారు. బండి విప్పేదీ, పార్టు వేసేదీ, బిల్లు కంపెనీకి పంపేదీ వాళ్ళే.

బయటి సంస్థ దగ్గర ఈ మూడు పనులూ మూడు చోట్ల ఉంటాయి. 2021లో మా తమ్ముడి బండికి అలాంటి వారంటీ నేనే దగ్గరుండి తీయించాను. తప్తపాణి ఘాట్‌లో బండి ఆగిపోయింది. ఫ్యూయల్ పంపు పోయింది. వాన పడుతుంటే ట్రాలీ ఆటోలో బరంపురం తెచ్చుకున్నాం. తెలిసిన షెడ్డే కదా అని మెకానిక్ వెంటనే ట్యాంకు దించి పంపు బయటికి తీశాడు. క్లెయిమ్ రాలేదు. విప్పకముందే ఫోన్ చేసి, ఫోటోలు, ఎస్టిమేట్ పంపి అనుమతి తీసుకోవాలట. ఆ షరతు కాగితం వెనక ఉంది. నాలుగు వేల పైచిలుకు చేతినుంచే పడింది. సర్వీసులో పనిచేస్తూ కూడా నేను ఆ వెనకపేజీ చదవలేదు. వాడి డబ్బు పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ 1,100 వారంటీనే తీసుకోవాలనిపిస్తే, రసీదు కాకుండా షరతుల కాగితం మొత్తం ముందే అడగండి. మీరు ముందు కట్టి తర్వాత తెచ్చుకోవాలా, వాళ్ళే నేరుగా కడతారా? లేబరు కలుస్తుందా, పార్టుకేనా? బండి పాతబడిన కొద్దీ ఎంత శాతం కోస్తారు? కాశీనగరానికి దగ్గర్లో వాళ్ళు ఒప్పుకునే గ్యారేజీ ఏది? చివరిదానికి విశాఖపట్నం అనో భువనేశ్వర్ అనో జవాబొస్తే మిగతావి అడగక్కర్లేదు. అయితే కంపెనీ గడువు దాటిపోయిన బండికి చాలావరకు బయటిదే దిక్కు. మీకింకా నెల ఉంది. కంపెనీ పొడిగింపు సాధారణంగా పాత వారంటీ బతికుండగానే కొనాలి.

ఏ వారంటీ అయినా మీకు మామూలుగా తగిలే ఖర్చులను ముట్టుకోదు. చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, బల్బులు, ఆయిల్, ఫిల్టర్లు అన్నీ అరుగుదల కిందికి పోతాయి. టైర్లకు, బ్యాటరీకి వాటి కంపెనీల వారంటీలే. మరి మిగిలిందేమిటంటే ఫ్యూయల్ పంపు, ఇంజెక్టరు (ఇంజన్లోకి పెట్రోలు చిమ్మేది), ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్), సెన్సార్లు, స్టార్టర్ మోటారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ కాలుష్యం నిబంధన వచ్చేదాకా కార్బొరేటర్‌ను రోడ్డుపక్కనే కడిగి బిగించేవాళ్ళం. ఇప్పుడు ఇంజెక్షన్ బళ్ళు. పార్టు పోతే మార్చడమే, వేలల్లో మాట. పొడిగింపుకు నేను విలువిచ్చేది వీటికోసమే.

ఇంకో మాట. కొండ ఊళ్ళ దారుల్లో కిరాణా కొట్టు దగ్గర సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకుంటారు మనవాళ్ళు. పంపు పోయినప్పుడు ట్యాంకులో నీళ్ళో చెత్తో కనిపిస్తే "కల్తీ ఇంధనం" అని క్లెయిమ్ కొట్టేస్తారు. బంకు బిల్లులు దాచుకోండి. బండి మీద మందుల పెట్టెలు వేస్తున్నారు కాబట్టి, కమర్షియల్ వాడకం కిందికి వస్తుందేమో కూడా ముందే అడగండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత నీళ్ళలో మునిగిన బళ్ళు వరసగా మా దగ్గరికొచ్చాయి. చాలామంది వారంటీ కార్డులు పట్టుకొచ్చారు, పాపం. వరద నష్టం వారంటీలోకి రాదు. అది ఇన్సూరెన్స్ సంగతి, అందులోనూ సొంత బండి నష్టానికి కట్టిన పాలసీ ఉండాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు.

షోరూంవాళ్ళు రాసివ్వకపోతే రెండూ వద్దు. ఆ 1,650 పోస్టాఫీసులో వేసుకుని, సర్వీసులు మాత్రం తప్పించకండి.

ప్రశ్న: పాతపట్నంలో వారంటీ కొన్నాను, ఉండేది పర్లాకిమిడిలో. క్లెయిమ్ ఇవ్వనంటున్నారు. కేసు ఆంధ్రాలోనే వేయాలా?
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అక్కర్లేదమ్మా. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోట, అంటే గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. క్లెయిమ్ ఎందుకు ఇవ్వడం లేదో వారంటీ ఇచ్చినవాళ్ళచేత కాగితం మీద రాయించుకోండి. రాసివ్వకపోతే మీరే వాళ్ళకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, ఆ రసీదు జాగ్రత్త చేయండి.