పదకొండు రోజుల జీతం

అమ్మాయీ,

అమెరికా బేస్‌బాల్ కుర్రాడి మీద నీ కథ అందింది. బస్సు సీను బాగుంది. అర్ధరాత్రి సీట్ల మధ్య కింద పడుకునే ఆ కుర్రాళ్ళ ఊపిరి నాకు వినపడింది. మెచ్చుకోళ్ళు ఇక్కడితో సరి. నాలుగో పేజీలో "కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు, ఆ క్షణం నుంచి కోటీశ్వరుడు" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేసి వీధి చివరిదాకా నడిచొచ్చాను. డెబ్బై ఏళ్ళవాడిని, ఈ చలిలో. ఆ పాపం నీదే.

ఐపీఎల్ వేలం చూస్తూ పెరిగినదానివి, సుత్తి పడగానే డబ్బు పడిపోతుందనుకున్నట్టున్నావు. బేస్‌బాల్‌లో సంతకానికీ సంపదకీ మధ్య ఉన్నది ఏళ్ళ తరబడి బస్సు ప్రయాణం. నీ హీరోని డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునేచోట, పద్నాలుగో రౌండులో తీసుకున్నారన్నావు. అలాంటివాడి చేతిలో ఏదో బోనస్ పెట్టి కింది లీగులకి తోలేస్తారు. అక్కడ జీతమెంతో ఒక్కసారైనా వెతికావా? 2023 ఒప్పందం ప్రకారం కింది మెట్లలో ఒకటైన లో-ఎ లో ఏడాదికి కనీసం 26,200 డాలర్లు, దానికి పైనున్న డబుల్-ఎ లో 30,250, మేజర్ లీగుకి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఎ లో 35,800. ఇది పెంచాక! అంతకుముందు లో-ఎ లో 11,000. సీజన్ ముందు శిక్షణ రోజులకి జీతమే ఉండేది కాదు. 2014లో ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే, 2018లో, వాళ్ళకి ఓవర్‌టైమ్ అడిగే హక్కు లేకుండా అమెరికా పార్లమెంటు, అదే కాంగ్రెస్, చట్టం చేసింది. 2022లో 18.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. నీ కథ జరిగేది 2016లో. మరి నీ కోటీశ్వరుడు ఆ వేసవంతా ఏం తిన్నాడు?

సరే, పైకెక్కాడనే అనుకుందాం. అన్నిటికన్నా పైనున్న మేజర్ లీగులో 2025 కనీస జీతం 7,60,000 డాలర్లు. అందులో ఏజెంటుకి నాలుగైదు శాతం. ఫెడరల్ పన్ను పైమెట్టు 37 శాతం. ఆపైన ఆదాయప్పన్నున్న ఏ రాష్ట్రంలో ఆడితే ఆ రాష్ట్రం రోజులు లెక్కకట్టి తన వాటా పట్టుకుపోతుంది. కాలిఫోర్నియాలో మూడు ఆటలాడి వస్తే వాళ్ళకీ ఒక రిటర్ను వెయ్యాల్సిందే. చివరికి సగానికి కొంచెం పైన మిగులుతుంది. అయినా పెద్ద మొత్తమే, కాదనను. కానీ ఎన్నాళ్ళు? మూడేళ్ళ సర్వీసు నిండేదాకా చాలామందికి జీతం బేరమాడే దారి లేదు. ఆరేళ్ళు నిండితేగాని నచ్చిన జట్టుకి పోయే స్వేచ్ఛ రాదు. ఇరవయ్యో శతాబ్దపు ఆటగాళ్ళ మీద కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క తీస్తే, పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, కానివాళ్ళ ఆట ఆయుష్షు సగటున 5.6 ఏళ్ళని తేలింది. అయిదుగురిలో ఒకడిది ఒకటే సీజన్. పేపర్లో మొదటి పేజీకెక్కే కాంట్రాక్టుల గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండానే సగటు ఆటగాడు ఇంటికి పోతాడన్నమాట.

"మరి వీళ్ళు ధనవంతులా కాదా, కథలో ఏమని చెప్పాలి?" అనడిగావు. ఏమనీ చెప్పకు. లెక్క రాయి. నలభై ఏళ్ళుగా నేను పోట్లాడుతున్నది ఈ ఒక్క విషయం మీదే. "కోటీశ్వరుడు" అన్న మాటా, "చాలీచాలని జీతం" అన్న మాటా కవలపిల్లలు. లెక్కపెట్టడానికి బద్ధకించినవాళ్ళ ఇళ్ళలో పుడతాయి. ఒకప్పుడు బస్ కండక్టర్ సంసారం మీద కథ రాశాను. జీతం 1,140, అద్దె 200, పాలకి 84, తల్లి మందులకి ఎంతో కూడా ఉంది. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ అంకెలన్నీ కొట్టేసి "చాలీచాలని జీతం" అని తన చేత్తో రాసుకున్నాడు. "పాఠకులకి అంకెలు ఎక్కవండీ" అన్నాడు. అంకెలు ఎక్కని పాఠకుడు నెలాఖర్న పాలవాడికి ఏం చెప్తాడో మరి! ఆ కథకి ఉత్తరాలు బాగానే వచ్చాయి, గుండె బరువెక్కిందని. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాతకాలం ఆటగాళ్ళ గురించి రాయాలనుందన్నావు. పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లో మూడో బేస్ దగ్గర ఆడిన రిచీ హెబ్నర్, 1971లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టువాడు, చలికాలం సెలవుల్లో శ్మశానంలో గోతులు తవ్వేవాడు. "పేదరికంలో మగ్గాడు" అనక్కర్లేదు. తవ్వాడని రాస్తే చాలు.

ఇంకోటి. డబ్బుకి తేదీ ఉంటుంది. జపాన్ ఆటగాడు ఒహ్తానీకి 70 కోట్ల డాలర్లని నువ్వే ఎక్కడో రాశావు. 2023 డిసెంబరులో డాడ్జర్స్ జట్టుతో పదేళ్ళకి కుదిరిన ఆ బేరంలో ఆడినన్నాళ్ళూ ఏటా చేతికొచ్చేది 20 లక్షలు. మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా వస్తాయి. ఆయనకి ప్రకటనల ఆదాయం ఉంది, ఆగగలడు. బాబీ బొనీయా 2001లో ఆట మానేశాడు. మెట్స్ జట్టువాళ్ళు ఆయనకి 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న 11,93,248 డాలర్లు ఇవ్వాలి. ఇస్తున్నారు. బాకీ 59 లక్షలే, తర్వాత తీసుకుంటానన్నందుకు ఎనిమిది శాతం వడ్డీ.

నాకూ తేదీ తెలుసు. 1979లో నా మొదటి కథకి నలభై రూపాయలు. అచ్చయిన ఏడు నెలలకి మనియార్డరు వచ్చింది. ఆ లోపు ఆ నలభై నేను మూడుసార్లు ఖర్చుపెట్టేశాను: చెల్లికి చెప్పులని ఒకసారి, హోటలు ఖాతాకని ఒకసారి, కాగితాలకని ఒకసారి. బాపట్లలో నేను రచయితనయ్యానని అందరూ అనుకుంటున్న ఆ ఏడు నెలలూ హోటలాయన మాత్రం నన్ను చూడగానే పుస్తకం తీసేవాడు. పోస్ట్‌మన్ రెండు రూపాయలు పట్టుకుని ముప్ఫై ఎనిమిదే ఇచ్చాడు. చెల్లికి చెప్పులు రాలేదు. ఇప్పటికీ దెప్పుతుంది.

నీ కథ ముగింపులో హీరో కార్లు కొని దివాలా తీస్తాడు. ఈ మధ్య అందరికీ ఇదో సరదా. జాక్ క్లార్క్ రెడ్ సాక్స్ జట్టులో ఉండగా 1992లో దివాలా పిటిషన్ వేస్తే 18 కార్లు తేలాయి, 17కి వాయిదాలు బాకీ. నిజమే. కానీ అది చదివి మనకి కలిగే సంతోషం ఎలాంటిదో ఆలోచించావా? పక్కింటివాడి మేడకి బీటలు పడితే కలిగే సంతోషం. పోటీల నిర్ణేతలకి నచ్చుతుందేమోగాని నాకొద్దు.

అమెరికాలో ఉన్నప్పుడు టొలీడోలో, జనానికి పన్ను రిటర్నులు రాసిపెట్టే ఒక ట్యాక్సు దుకాణంలో చలికాలం సాయంత్రాలు పనిచేసేవాణ్ణి. 2009 ఫిబ్రవరిలో ఒక ఎడమచేతి పిచర్ పెళ్ళాంతో వచ్చాడు. ఆమె ఆరునెలల గర్భిణి. అక్కడి ట్రిపుల్-ఎ జట్టులో ఆడేవాడు. అంతకుముందు ఆగస్టులో డెట్రాయిట్‌లోని మేజర్ లీగు జట్టుకి పిలిపించి, పదకొండు రోజులుంచి, వెనక్కి పంపేశారు. రెండూళ్ళ మధ్య గంట దారి. ఆ ఏడు పైన కనీస జీతం 3,90,000, అంటే పదకొండు రోజులకి దాదాపు 23,000 డాలర్లు. మిగతా వేసవంతా టొలీడోలో వచ్చింది అందులో సగం లేదు. వాళ్ళ నాన్న ట్రక్కు అప్పు తీర్చానన్నాడు, పన్ను కట్టించుకున్నానని నోరు తెరిచి చూపించాడు. ఆమె అతని మాటలు వినడం లేదు. పైన 43 రోజులుంటే పెన్షన్ ఖాయమవుతుంది. బ్యాగులోంచి పోయినేడాది క్యాలెండరు తీసి నా బల్లమీద పరిచింది, ఆగస్టు పేజీలో పదకొండు గళ్ళకి ఎర్రపెన్సిలు చుట్లు. పన్నెండో గడికి చుట్టలేదు, చుక్క పెట్టింది.

"వెనక్కి పంపిన రోజు పొద్దున ఇంకా అక్కడే ఉన్నాడు. అది లెక్కలోకి వస్తుందా?" అంది.

నీ కథలో భార్య మూడు పేజీలు ఏడుస్తుంది, ఒక్కసారీ క్యాలెండరు చూడదు. ఉగాదిలోపు తిరగరాసి పంపు. ఫోన్లో వద్దు, నా కళ్ళకి ఆనదు, ప్రింటు తీసి పోస్టు చెయ్యి. ముందుమాట సంగతి తర్వాత.

మీ మాస్టారు